అమ్మేవాడి చేతి మీదుగా రాని కాగితం

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో కంపెనీలు చేతులు మారడం ఇప్పుడు పెద్ద వార్తేం కాదు. నూటయాభై మంది ఇంజినీర్లు, ముగ్గురు అమెరికా క్లయింట్లు, అద్దెకు తీసుకున్న ఒక అంతస్తు ఉంటే చాలు, బేరానికి ఎవరో ఒకరు వస్తారు. వచ్చినవాళ్లు ముందు కాంట్రాక్టులు చూస్తారు, తర్వాత కోడ్, ఆ తర్వాత పన్ను బకాయిలు. లంచాల ఊసెత్తితే మాత్రం ఎదుటివాళ్లు నొచ్చుకుంటారు. "సాఫ్ట్‌వేర్ కంపెనీలో లంచాలేంటండీ, మాదంతా బ్యాంకు లావాదేవీలే కదా" అంటారు. మీరూ మొహమాటపడి తర్వాతి అంశానికి వెళ్లిపోతారు. ఆ మొహమాటం ఖరీదెంతో ఈ ఊళ్లోనే ఒకసారి తేలింది.

సత్యం కొన్నప్పుడు, సత్యాన్ని కొన్నప్పుడు

2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు రెండు కంపెనీలు కొనడానికి ఒప్పుకుంది. మేటాస్ ప్రాపర్టీస్ మొత్తాన్నీ 130 కోట్ల డాలర్లకు, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని 30 కోట్ల డాలర్లకు. రెండూ ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానివే. సాఫ్ట్‌వేర్ కంపెనీకి భూములు, రోడ్లు, వంతెనలు ఎందుకని మదుపరులు మండిపడ్డారు. న్యూయార్క్‌లో సత్యం షేరు ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది. కొన్ని గంటల్లోనే బేరం రద్దయింది. మూడు వారాలు తిరిగేసరికి, 2009 జనవరి 7న, రాజు రాసిన లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు కనబడుతుంటే అందులో రూ.5,040 కోట్లు అసలు లేవన్నది దాని సారాంశం. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను పెట్టడానికి చేసిన ఆఖరి ప్రయత్నమే మేటాస్ కొనుగోలని కూడా ఆయనే రాశారు.

కంపెనీ కొనడమంటే అవతలివాడి గుట్టు మన నెత్తికెత్తుకోవడమని మాత్రమే అనుకుంటాం. కొనేవాడు తన గుట్టు దాచుకోవడానికి కూడా కొంటాడు. మీరు కొనే కంపెనీ బోర్డులో ఉన్నా, అక్కడ ఫైనాన్స్ చూస్తున్నా, అవతలి కంపెనీ లెక్కలు తెరవకముందే అడగాల్సిన మాట ఒకటుంది: అమ్మేవాడు మన ప్రమోటరుకు ఏమవుతాడు?

ఇక సత్యాన్నే కొనాలనుకున్నవాడి వైపు నుంచి చూద్దాం. 2008 సెప్టెంబరులో ఆ కంపెనీకి కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. అదే నెల నుంచి ఎనిమిదేళ్లపాటు ప్రపంచ బ్యాంకు కాంట్రాక్టులకు దాన్ని అనర్హురాలిగా ప్రకటించారు. బ్యాంకు సిబ్బందికి అనుచిత ప్రయోజనాలు కల్పించిందన్నది ఒక కారణం, సబ్‌కాంట్రాక్టర్ల ఫీజులకు సరైన పత్రాలు చూపలేకపోవడం ఇంకోటి. ఈ సంగతిని ప్రపంచ బ్యాంకు డిసెంబరులో ధ్రువీకరించింది. అవార్డు షీల్డు రిసెప్షన్‌లో ఉంటుంది, నిషేధం సంగతి మీరే వెతుక్కోవాలి. నిషేధించిన సంస్థల జాబితా ప్రపంచ బ్యాంకు వెబ్‌సైట్లో ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. రెండు నిమిషాల పని. కంపెనీ పేరుతోపాటు డైరెక్టర్ల పేర్లతో, వాళ్ల పాత కంపెనీల పేర్లతో కూడా వెతకండి.

అసలు పాఠం బ్యాంకు కాగితాల్లో ఉంది. కంపెనీ ఖాతాల్లో ఎంత డబ్బుందో ఆడిటర్ బ్యాంకుకు లేఖ రాసి తెలుసుకోవాలి. జవాబు బ్యాంకు నుంచి నేరుగా ఆడిటర్‌కే రావాలి. సత్యం విషయంలో ఆ లేఖలు పంపడం, జవాబులు అందుకోవడం పూర్తిగా కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011 ఏప్రిల్‌లో ప్రైస్ వాటర్‌హౌస్ భారత సంస్థల మీద ఇచ్చిన ఉత్తర్వులో పేర్కొంది. ఆ సంస్థలు ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా ఎస్‌ఈసీకి 60 లక్షల డాలర్లు, అక్కడి ఆడిట్ నియంత్రణ సంస్థకు 15 లక్షల డాలర్లు కట్టాయి. ఏళ్ల తరబడి ఆడిట్ జరిగింది, సంతకాలు పడ్డాయి, లెటర్‌హెడ్‌లు, ముద్రలు అన్నీ ఉన్నాయి. కాగితం వచ్చిన దారి ఒక్కటే తప్పు.

దీనికి పక్కనే పెట్టి చూడాల్సిన సంగతి ఇంకొకటి. 2008 డిసెంబరు చివర్లో సత్యం సలహాదారుగా డీఎస్‌పీ మెరిల్ లించ్‌ను పెట్టుకుంది. లెక్కల్లో పెద్ద అవకతవకలు కనబడ్డాయంటూ జనవరి మొదటి వారంలోనే ఆ సంస్థ తప్పుకుంది. ఏళ్లుగా లోపల ఉన్నవాళ్లకు అందనిది కొత్తగా వచ్చినవాళ్లకు కొన్ని రోజుల్లో అందింది.

అందుకే ఈ అధ్యాయం మొత్తంలో నేను మిమ్మల్ని చేయమనేది ఒకే పని. బేరానికి ప్రాణమైన ప్రతి కాగితాన్నీ అమ్మేవాడి చేతి మీదుగా కాకుండా, అది పుట్టిన చోటు నుంచి తెప్పించుకోండి. సంబంధం చూసేటప్పుడు అబ్బాయి జీతమెంతో అబ్బాయి తండ్రిని అడిగి ఊరుకోం, వాళ్ల ఆఫీసులో తెలిసినవాళ్లతో వాకబు చేయిస్తాం. కోట్లు పెట్టి కంపెనీ కొనేటప్పుడు మాత్రం డేటా రూమ్‌లో వాళ్లు పెట్టిన పీడీఎఫ్ చూసి తృప్తిపడతాం.

దొంగ లెక్కలూ లంచాలూ వేర్వేరు నేరాలే. ఒకదాంట్లో లేని డబ్బు ఉన్నట్టు పుస్తకంలోకి వస్తుంది, ఇంకోదాంట్లో ఉన్న డబ్బు లేని పని పేరుతో బయటికి పోతుంది. పట్టుకునే పద్ధతి మాత్రం రెంటికీ ఒకటే కాబట్టి కలిపి చెబుతున్నాను.

ఫైలు ఎక్కడెక్కడ కదలాలి

ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని, ఈ కంపెనీకి ప్రభుత్వంతో పని ఎక్కడెక్కడ పడుతుందో రాయండి. సాఫ్ట్‌వేర్ కంపెనీయే కదా, నాలుగు లైన్లు వస్తాయనుకుంటారు. రాస్తూ పోతే పేజీ నిండుతుంది.

కొత్త అంతస్తు తీసుకుంటే అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ, బిల్డింగ్‌కు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. కరెంటు లోడ్ పెంచాలంటే డిస్కమ్, ట్రాన్స్‌ఫార్మర్‌కూ జనరేటర్‌కూ ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్, కాలుష్య నియంత్రణ మండలి. సెజ్‌లో ఉంటే ల్యాప్‌టాప్ లోపలికి రావాలన్నా బయటికి పోవాలన్నా రాతకోతలు. దిగుమతి చేసుకున్న సర్వర్లకు కస్టమ్స్. ఎగుమతి చేసే కంపెనీ కాబట్టి జీఎస్‌టీ రీఫండ్లు, ఇక్కడ మొత్తాలు పెద్దవి, ఆగితే నొప్పి ఎక్కువ. పీఎఫ్, కార్మిక శాఖ తనిఖీలు, ఆదాయపన్ను స్క్రూటినీ. సొంత స్థలమో సొంత క్యాంపసో ఉంటే జీహెచ్‌ఎంసీ, హెచ్‌ఎండీఏ, టీజీఐఐసీ, చెరువు పక్కనైతే ఎఫ్‌టీఎల్, బఫర్ హద్దుల గొడవ. క్లయింట్లలో ప్రభుత్వ శాఖలో ప్రభుత్వరంగ సంస్థలో ఉంటే టెండర్లు, బిల్లుల మంజూరు.

ఇవన్నీ ఆన్‌లైన్ అయ్యాయి కదా అంటారు. నిజమే, చాలావరకు అయ్యాయి. 2014లో టీఎస్-ఐపాస్, 2020లో టీఎస్-బీపాస్ చట్టాలు వచ్చాక అనుమతులకు గడువులు పెట్టారు. నిజాయితీగా దరఖాస్తు చేసి గడువులోపే అనుమతి తెచ్చుకున్న కంపెనీలు ఎన్నో ఉన్నాయి, త్వరగా వచ్చిన ప్రతి అనుమతినీ అనుమానించకండి. కానీ 2024 జనవరిలో హెచ్‌ఎండీఏ ప్లానింగ్ డైరెక్టర్‌గా పనిచేసిన అధికారి ఇళ్లలో ఏసీబీ సోదాలు చేసి ఆదాయానికి మించిన ఆస్తుల కేసు పెట్టిన నాటికి కూడా పోర్టళ్లు పనిచేస్తూనే ఉన్నాయి. పోర్టల్ వచ్చినంత మాత్రాన మనిషి పక్కకు తప్పుకోడు.

ఈ పేజీలో ప్రతి లైను పక్కనా రెండు తేదీలు రాయించండి, దరఖాస్తు పెట్టిన రోజు, అనుమతి వచ్చిన రోజు. నాలుగు నెలలు కదలని ఫైలు ఒక కన్సల్టెంట్‌ను పెట్టుకున్న వారానికే కదిలితే ఆ కన్సల్టెంట్ పేరు కింద గీత గీయండి.

ఒక బిల్లును దగ్గరగా చూద్దాం

ఇలాంటి బిల్లు ఒకటి ఊహించుకోండి. "ప్రొఫెషనల్ చార్జీలు, అనుమతుల నిమిత్తం, రూ.4,50,000." దాని మీద 18 శాతం జీఎస్‌టీ రూ.81,000. కంపెనీ పది శాతం చొప్పున రూ.45,000 టీడీఎస్ పట్టుకుని, మిగిలిన రూ.4,86,000 బ్యాంకు ద్వారా పంపింది. బిల్లుంది, పన్ను కట్టారు, చెక్కు లేదు, నగదు లేదు. ఆడిటర్ టిక్కు పెట్టి పేజీ తిప్పేస్తాడు. ఆయన తప్పేం లేదు, ఆయన్ని అడిగింది ఖర్చుకు కాగితం ఉందా లేదా అనే.

మీరు అడగాల్సింది వేరు. బిల్లు మీద జీఎస్‌టీ నంబరుంది. దాన్ని జీఎస్‌టీ పోర్టల్‌లో వేస్తే లాగిన్ కూడా అక్కర్లేకుండా వ్యాపారం పేరు, రిజిస్టరైన తేదీ, రిటర్నులు వేస్తున్నాడో లేదో కనబడతాయి. బిల్లు మార్చి నెలది, రిజిస్ట్రేషన్ ఫిబ్రవరిది, ఆ తర్వాత రెండు నెలలకే రిటర్నులు ఆగిపోయాయి అనుకోండి, ఒక్క కంపెనీ కోసమే పుట్టి ఆ పని కాగానే కన్నుమూసిన కన్సల్టెంటన్నమాట. బిల్లు ఇచ్చింది ప్రైవేట్ లిమిటెడ్ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో డైరెక్టర్లెవరో చూడొచ్చు. ఇంటిపేర్లు, చిరునామాలు మీ దగ్గరున్న మిగతా కాగితాలతో పోల్చండి.

తర్వాతది, అన్నిటికన్నా పదునైనది: ఆ మనిషి చేసిన పని చూపించండి. దరఖాస్తు రాసింది ఎవరు, ప్లాను గీసింది ఎవరు, పోర్టల్‌లో అప్‌లోడ్ చేసిన లాగిన్ ఎవరిది? ఈ ప్రశ్న వేయకపోతే ఏమవుతుందో చాక్లెట్ కంపెనీ క్యాడ్‌బరీ కథ చెబుతుంది. హిమాచల్ ప్రదేశ్‌లోని బద్ది ఫ్యాక్టరీ లైసెన్సుల కోసం క్యాడ్‌బరీ ఇండియా ఒక ఏజెంటును పెట్టుకుంది. అతను లైసెన్సు దరఖాస్తులు తయారుచేశానని ఐదు ఇన్‌వాయిస్‌లు ఇచ్చాడు, కంపెనీ సుమారు 90 వేల డాలర్లు చెల్లించింది. ఆ దరఖాస్తులు తయారుచేసింది నిజానికి కంపెనీ ఉద్యోగులే. డబ్బు అందగానే ఏజెంటు దాదాపు అంతా నగదుగా తీసేశాడు. 2017 జనవరిలో ఎస్‌ఈసీ ఈ సంగతులు బయటపెట్టినప్పుడు, ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా 1.3 కోట్ల డాలర్లు కట్టింది దాని యజమాని మాండలీజ్. అంటే క్యాడ్‌బరీని కొన్నవాళ్లు.

చిన్న నగదు ఖర్చులు కూడా చదవదగ్గవే, వాటిని ఎవరూ చదవరు కాబట్టి. ఒక వ్యక్తికి ఒక రోజులో రూ.10 వేలు దాటి నగదుగా ఇస్తే ఆ ఖర్చును ఆదాయపన్ను లెక్కలో ఒప్పుకోరు. అందుకే దాచాల్సిన నగదు 9,500, 9,800, 9,900 అంటూ ముక్కలై వోచర్లెక్కుతుంది. "స్టాఫ్ వెల్ఫేర్", "దీపావళి స్వీట్లు", "మిస్లేనియస్" అనే హెడ్లు తెరవండి. పండగ స్వీటు డబ్బా ఇవ్వడం మన దగ్గర మర్యాదే, దాన్ని పట్టుకుని రచ్చ చేయకండి. దీపావళి స్వీట్లు జూన్‌లో కొన్నప్పుడు మాత్రం ఆగి చూడండి.

ఇంకో బయటి కాగితం పీఎఫ్ కార్యాలయం దగ్గరుంది. ఏ సంస్థ ఏ నెల ఎంతమందికి పీఎఫ్ కట్టిందో ఈపీఎఫ్‌ఓ సైట్లో సంస్థ పేరుతో వెతికితే తెలుస్తుంది. జీతాల పట్టికలో ఉన్న మనుషులకూ అక్కడున్న సంఖ్యకూ పెద్ద తేడా ఉంటే, కొందరు పీఎఫ్ పరిధిలోకి రాకపోవచ్చు, లేదా కొన్ని జీతాలు లేని మనుషుల ఖాతాల మీదుగా ఎక్కడికో వెళుతుండొచ్చు. ఏదో తేల్చుకోండి.

ఎక్స్‌ట్రా ఐటమ్స్, భారీ డిస్కౌంట్లు

డబ్బు బయటికి పంపడానికి కన్సల్టెంట్ పాత దారి. కాస్త తెలివైన దారి బిల్డింగ్ కాంట్రాక్టరు. కాగ్నిజెంట్ కేసు ఇక్కడ చదవాలి. చెన్నై క్యాంపస్ ప్లానింగ్ అనుమతి కోసం తమిళనాడులో ఒక అధికారి దాదాపు 20 లక్షల డాలర్లు అడిగారని, ఆ డబ్బు కాంట్రాక్టరు చేత ఇప్పించి, తర్వాత నిర్మాణంలో అదనపు పనులు జరిగినట్టు బిల్లులు సృష్టించి కాంట్రాక్టరుకు తిరిగి చెల్లించారని ఎస్‌ఈసీ చెప్పింది. 2019 ఫిబ్రవరిలో కంపెనీ 2.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. నేరారోపణ ఎదుర్కొన్న ఇద్దరు కంపెనీ మాజీ ఉన్నతాధికారులు తాము నేరం చేయలేదన్నారు. 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వమే వాళ్ల మీద కేసు ఉపసంహరించుకుంది. కేసు సంగతి ఎలా ఉన్నా డబ్బు తిరిగిన దారి మాత్రం నేర్చుకోదగ్గది.

గచ్చిబౌలిలో మీరు కొనబోయే కంపెనీ నిరుడు కొత్త ఆఫీసుకు ఇంటీరియర్ చేయించి ఉంటుంది. ఒప్పందం విలువెంత, చివరికి కట్టిందెంత? తేడా అంతా "ఎక్స్‌ట్రా ఐటమ్స్" పద్దులో దొరుకుతుంది. ఆ జాబితా పట్టుకుని అంతస్తంతా నడవండి. ఫాల్స్ సీలింగ్ అదనంగా మూడు వేల చదరపు అడుగులని రాసుంటే టేపు పెట్టి కొలవండి. సిగ్గుపడాల్సిన పనేం కాదు. ఇల్లు కట్టించుకునేటప్పుడు మేస్త్రీ లెక్క కొలిచి చూడమా?

మూడో దారి సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీలకు ప్రత్యేకం, అదే డిస్కౌంటు. ఒరాకిల్ మీద ఎస్‌ఈసీ రెండుసార్లు చర్య తీసుకుంది. 2012లో, ఒరాకిల్ ఇండియా అమ్మకాల్లో మిగిలిన సుమారు 22 లక్షల డాలర్లను డిస్ట్రిబ్యూటర్ల దగ్గరే పక్కన పెట్టించిందన్నది ఒక కేసు. 2022 నాటి రెండో కేసు ఇంకా ఆసక్తికరం. 2019లో రైల్వే శాఖకు ఎక్కువ వాటా ఉన్న ఒక రవాణా సంస్థకు అమ్మేటప్పుడు పోటీ గట్టిగా ఉందంటూ సేల్స్ సిబ్బంది 70 శాతం డిస్కౌంటుకు అనుమతి తెచ్చుకున్నారు. ఆ సంస్థ టెండరు వెబ్‌సైట్లో మాత్రం ఒరాకిల్ ఉత్పత్తులే కావాలని రాసుంది. అంటే పోటీయే లేదు. డిస్కౌంటు పేరుతో వదులుకున్న డబ్బులో కొంత అధికారులకు ముడుపులిస్తుందని పేరున్న సంస్థకు చేరిందని ఎస్‌ఈసీ పేర్కొంది. రెండు కలిపి ఒరాకిల్ 2.5 కోట్ల డాలర్లు కట్టింది. అనుమతిచ్చినవాళ్లలో ఒక్కరు ఆ టెండరు పేజీ తెరిచుంటే సరిపోయేది.

కాబట్టి ప్రభుత్వ క్లయింట్లున్న కంపెనీని కొంటుంటే గత మూడేళ్లలో ఎక్కువ డిస్కౌంటిచ్చిన పది అమ్మకాలు తీయించి, ప్రతిదానికీ టెండరు పత్రం మీరే దించుకుని చదవండి. మధ్యలో రీసెల్లర్ ఉంటే, తనెందుకున్నాడో ఒక్క వాక్యంలో చెప్పమనండి. చెప్పలేకపోతే జవాబు దొరికినట్టే.

మాటల్లో దొరికేవి

కాగితాలు చదవడం సీఏలకు వచ్చు. మనుషులతో మాట్లాడటం చాలామందికి రాదు. ఫౌండర్‌ను, సీఎఫ్‌వోను అడిగితే "మా కంపెనీ జీరో టాలరెన్స్ అండీ" అంటూ పాలసీ పీడీఎఫ్ పంపిస్తారు. అడ్మిన్ మేనేజర్‌ను కలవండి. క్యాంటీన్‌లో కూర్చుని టీ తాగుతూ అడగండి, బోర్డ్‌రూమ్‌లో కాదు. సంభాషణ దాదాపు ఇలా సాగుతుంది.

"ఫైర్ ఎన్‌ఓసీ రెన్యూవల్ ఎవరు చూస్తారన్నా?"

"మా లైజన్ ఆయన ఉన్నడు సార్. ఆయనే చూస్కుంటడు."

"ఆయనకు నెలకింతని ఇస్తారా, పనికింతనా?"

"పనిని బట్టి సార్. ఆఫీసర్‌ను బట్టి గూడ ఉంటది."

అక్కడ ఆగండి. ముఖం మార్చకండి, నోట్‌బుక్ తీయకండి. అడ్మిన్ మేనేజర్ తప్పు చేస్తున్నానని అనుకోవడం లేదు, ఉద్యోగం చేస్తున్నానని అనుకుంటున్నాడు. నిరుడు ఎంతైంది, బిల్లు ఏ పేరు మీద వచ్చింది అని మామూలుగా అడగండి. ఫీజు పనిని బట్టి మారితే అర్థముంది, ఆఫీసర్‌ను బట్టి మారే ఫీజు కన్సల్టెంటుది కాదు. ఆయన చెప్పింది ఆయన మెడకే చుట్టుకోకుండా చూడటం మీ బాధ్యత. బేరం అయ్యాక మొదట ఉద్యోగం పోయేది సాధారణంగా ఇలా నోరు జారినవాళ్లకే. అది అన్యాయం, పైగా మీ చెవులు మీరే మూసుకోవడం.

పోయినేడాది మానేసిన అకౌంటెంట్లు ఎవరో కనుక్కోండి. ఫిర్యాదులకు ఏర్పాటు ఉందో లేదో కాదు, ఎన్ని వచ్చాయో, వాటినేం చేశారో అడగండి. సున్నా అని చెబితే సంతోషించకండి. సత్యంలో కూడా 2008 డిసెంబరులో ఒక స్వతంత్ర డైరెక్టర్‌కు మారుపేరుతో హెచ్చరిక ఈమెయిల్ వచ్చింది.

దొరికితే ఏం చేయాలి

వాకబు మొదటి నుంచీ న్యాయవాది ద్వారానే నడిపించండి. ఎందుకంటే దొరికిన క్షణం నుంచి మీకు తెలుసు. తెలియకుండా కొన్నవాడి పరిస్థితి వేరు, తెలిసి కొన్నవాడిది వేరు.

మన అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. 2018 జూలై సవరణతో లంచం ఇవ్వడం నేరుగా నేరమైంది. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తేనే మినహాయింపు. కంపెనీ తరఫున పనిచేసే ఎవరు ఇచ్చినా, ఏజెంటైనా సరే, కంపెనీ కూడా బాధ్యురాలే. లంచాలు జరగకుండా తగిన ఏర్పాట్లు పెట్టుకున్నానని చూపించుకోవడమే కంపెనీకున్న రక్షణ. కొనేది అమెరికా కంపెనీ అయితే 1977 నాటి అక్కడి విదేశీ లంచాల చట్టం కూడా వస్తుంది. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం దాని అమలును ఆపి, జూన్‌లో కొత్త మార్గదర్శకాలిచ్చింది. దాంతో కొందరు ఊపిరి పీల్చుకున్నారు. నేనైతే పీల్చుకోను. చట్టం రద్దు కాలేదు, ప్రభుత్వాలు మారతాయి.

షేర్లు కొంటే కంపెనీ పాత పాపాలన్నీ మీవే. కావాల్సిన కాంట్రాక్టులు, మనుషులు, ఆస్తులు మాత్రమే విడిగా కొంటే భారం తగ్గుతుంది, కాకపోతే క్లయింట్ల అంగీకారం ఒక్కొక్కరి దగ్గరా తీసుకోవాలి. పాత వ్యవహారాలకు అమ్మేవాడే బాధ్యుడని నష్టపరిహార హామీ రాయించుకోవడం, ధరలో కొంత ఏడాదిన్నర రెండేళ్లు ఎస్క్రోలో ఉంచడం మామూలే. అవి డబ్బు నష్టానికి పనికొస్తాయి, క్రిమినల్ కేసును ఏ హామీ ఆపదు. ఇంకోటి, ఫౌండర్ రెండేళ్లు ఉండి ఆదాయం పెంచితే అదనంగా చెల్లించే ఎర్న్‌అవుట్ షరతు. లంచాలతో ఆర్డర్లు తెచ్చిన ఫౌండర్‌కు అదే ఎర పెట్టడమంటే పాత అలవాటుకు మీరే బోనస్ ప్రకటించినట్టు.

మోసం బయటపడ్డాక కూడా కొనొచ్చా అంటే కొనొచ్చు, టెక్ మహీంద్రా కొంది. రాజు లేఖ వచ్చిన కొద్ది రోజులకే కేంద్రం సత్యం బోర్డును తొలగించి కిరణ్ కార్ణిక్, దీపక్ పారేఖ్ వంటివాళ్లతో కొత్త బోర్డు వేసింది. సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచా పర్యవేక్షణలో వేలం జరిగింది. 2009 ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు రూ.58 వేసి గెలిచింది. ఎల్ అండ్ టీ రూ.45.90 వేసింది, డబ్ల్యూఎల్ రాస్ రూ.20. సరిదిద్దిన లెక్కలు ఎవరి దగ్గరా లేవు. అవి 2010 సెప్టెంబరులో గానీ రాలేదు, వచ్చాక 2008-09కి రూ.8,000 కోట్లకు పైగా నష్టం తేలింది.

అంత చీకట్లో దూకినా నిలబడటానికి నాకు కనిపించే ముఖ్యమైన కారణం, మొదటి 31 శాతానికి కట్టిన దాదాపు రూ.1,756 కోట్లు పాత ప్రమోటర్లకు చేరలేదు. కొత్త షేర్ల రూపంలో కంపెనీ ఖజానాకే చేరాయి. మీ బేరంలోనూ ఈ ఒక్క లైను చూడండి. మీరిచ్చే సొమ్ము కంపెనీలోకి వెళుతోందా, దాన్ని పాడుచేసినవాడి జేబులోకా?

అయినా పాత పాపాలు వదల్లేదు. 2009 డిసెంబరులో యుపెయిడ్ అనే కంపెనీ వేసిన దావాకు 7 కోట్ల డాలర్లు, 2011లో అమెరికా మదుపరుల దావాకు 12.5 కోట్ల డాలర్లు, ఎస్‌ఈసీకి కోటి డాలర్లు. 2012 అక్టోబరులో ఈడీ రూ.822 కోట్ల డిపాజిట్లు జప్తు చేస్తే కోర్టులో ఏళ్లు పోరాడాల్సి వచ్చింది. రాజు లేఖలో చూపని అప్పుగా కనబడిన రూ.1,230 కోట్లు తమవేనంటూ 37 కంపెనీలు వ్యాజ్యాలు వేశాయి. 2013 జూన్‌లో సత్యం టెక్ మహీంద్రాలో కలిసిపోయాక కూడా ఆ వ్యాజ్యాలు దానితోనే వచ్చాయి.

తాళం చెవి చేతికొచ్చాక

బేరం ముగిసేలోపు అన్నీ తేలవు. పోటీ ఉన్నప్పుడు అమ్మేవాడు లెడ్జర్లు చూపించడు, చూపించినా నాలుగు రోజులే. అందుకే మొదటి ఆరు నెలలకు పని ముందే రాసిపెట్టుకోండి. కొనుగోలు ముగిసిన ఆరు నెలల్లోపు తప్పు తామే కనిపెట్టి చెప్పి, ఏడాదిలో సరిదిద్దిన కొనుగోలుదారుపై సాధారణంగా కేసు పెట్టబోమని అమెరికా న్యాయశాఖ 2023 అక్టోబరులో ప్రకటించింది. అమెరికాతో సంబంధం లేకపోయినా ఆ గడువు మంచి కొలమానం.

మొదటి రోజే చేయాల్సింది, ప్రభుత్వ పనులకు కుదుర్చుకున్న కన్సల్టెంట్లు, లైజన్ ఏజెంట్లందరి చెల్లింపులూ ఆపి ఒక్కొక్కరి కాగితాలూ మళ్లీ తెప్పించడం. దీన్ని వాయిదా వేసే కారణాలు బోలెడు కనబడతాయి, కొత్త ఇల్లు సర్దుకోవాలి, జనం భయపడతారు, అనుమతి మధ్యలో ఉంది. క్రాఫ్ట్ ఫుడ్స్ (తర్వాత మాండలీజ్‌గా పేరు మార్చుకున్నది ఇదే) క్యాడ్‌బరీని సొంతం చేసుకుంది 2010 ఫిబ్రవరిలో. పోటాపోటీ కొనుగోలు కావడంతో ముందు పెద్దగా వాకబు చేసుకునే అవకాశం దొరకలేదు, కొన్నాక చేసిన పరిశీలనలో ఆ బద్ది ఏజెంటు కంట పడలేదు. అతని ఐదు ఇన్‌వాయిస్‌లూ వచ్చింది ఆ తర్వాతి నెలల్లోనే, కొత్త యజమాని ఉండగానే.